సుశాంత్ సింగ్ రాజ్‌పుత్: ఇంజనీరింగ్ మానేసిన రోజుకీ మొదటి సినిమాకీ మధ్య ఏం జరిగింది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక యాక్టర్ గురించి. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే ఒక యాక్టర్ లైఫ్‌లో మొదటి పదేళ్ళ గురించి. పేరు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్.

2020 జూన్ 14న సుశాంత్ చనిపోయాడు. అప్పటికి వయసు 34. ఆ తర్వాత టీవీల్లో, ఫోన్లలో నెలల తరబడి ఏం నడిచిందో మీ అందరికీ తెలుసు. నేను ఆ విషయం జోలికి అస్సలు వెళ్ళను. కానీ దానివల్ల ఒక నష్టం జరిగింది. ఇప్పుడు తన పేరు సెర్చ్ చేస్తే ఆ గొడవే ముందు వస్తుంది, తను చేసిన పని ఎక్కడో కింద ఉంటుంది. పని గురించి మాట్లాడేవాళ్ళు కూడా ఒకే ఒక్క లైన్ చెప్తారు: "ఇంజనీరింగ్ వదిలేసి హీరో అయ్యాడు." ఒక రీల్, వెనకాల ఒక బీజీఎం, అంతే.

నేను కూడా బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, తర్వాత కెమెరా ముందుకి వచ్చినవాణ్ణే. అందుకే ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అన్నా, సుశాంత్ కూడా డ్రాపవుట్ కదా, నేనూ మానేసి ట్రై చేస్తే?" దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పడం తప్పు. ఆ ఒక్క లైన్‌ని కొంచెం విప్పి చూద్దాం. ఏ సంవత్సరం ఏం జరిగింది, ఏది ఎప్పుడు నేర్చుకున్నాడు, ఏది ఎప్పుడు వదిలాడు. ఆ తర్వాత డెసిషన్ మీదే.

మొదటి నుంచి వద్దాం. సుశాంత్ పుట్టింది 1986 జనవరి 21న, బిహార్‌లోని పాట్నాలో. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు, పైన అక్కలు. 2002లో అమ్మ చనిపోయింది. అప్పటికి తనకి పదహారేళ్ళు. ఆ టైమ్‌లోనే కుటుంబం ఢిల్లీకి మారింది. ప్లస్ టూ అక్కడే.

2003లో ఢిల్లీ కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో 7వ ర్యాంక్ వచ్చింది. ఇప్పుడు ఆ కాలేజీనే డీటీయూ అంటున్నారు. మన దగ్గర ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో సింగిల్ డిజిట్ ర్యాంక్ వస్తే కాలేజీ వాళ్ళు ఊరంతా ఫ్లెక్సీలు కడతారు కదా, ఆ లెవెల్ అనుకోండి. బ్రాంచ్ మెకానికల్. అంటే చదువు రాక మానేసిన కేసు కాదు. ఫిజిక్స్ అంటే ప్రాణం. హీరో అయ్యాక కూడా టెలిస్కోప్ కొనుక్కుని ఇంట్లో పెట్టుకుని గ్రహాలు చూసుకునేవాడు.

మరి ఎక్కడ మలుపు తిరిగింది? ఇక్కడే ఆ రీల్స్‌లో చెప్పని పార్ట్ ఉంది. కాలేజీలో ఉండగానే శ్యామక్ దావర్ డాన్స్ క్లాసుల్లో చేరాడు. శ్యామక్ దావర్ అంటే "దిల్ తో పాగల్ హై" సినిమాకి కొరియోగ్రఫీ చేసినాయన. ఆ క్లాసుల్లో కొంతమంది యాక్టింగ్ మీద ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు పరిచయమయ్యారు. వాళ్ళ వల్ల బ్యారీ జాన్ దగ్గర యాక్టింగ్ క్లాసులకి వెళ్ళాడు. బ్యారీ జాన్ ఢిల్లీ నాటకరంగంలో చాలా పెద్ద పేరు. షారుఖ్ ఖాన్ కూడా కుర్రాడిగా ఆయన గ్రూప్‌లో నాటకాలు వేసినవాడే.

కొన్నాళ్ళకి శ్యామక్ దావర్ ట్రూప్‌లోకి తీసుకున్నారు. ఫిలింఫేర్ అవార్డుల స్టేజ్ మీద పెద్ద హీరోల వెనక డాన్స్ చేశాడు. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ గేమ్స్‌కి మన దేశం తరఫున వెళ్ళిన డాన్స్ ట్రూప్‌లో ఉన్నాడు. తర్వాతి గేమ్స్ ఢిల్లీలో కాబట్టి అక్కడ ముగింపు వేడుకలో మనవాళ్ళ ప్రోగ్రామ్ పెట్టారు. ఆ గుంపులో ఒకడు. మొహం కూడా సరిగ్గా కనపడదు.

నాలుగేళ్ళ కోర్సులో మూడేళ్ళు అయ్యాక అప్పుడు కాలేజీ మానేశాడు. ఒక్కసారి ఆర్డర్ చూడండి. ముందు క్లాసులు, తర్వాత ట్రూప్, తర్వాత స్టేజ్ మీద పని, ఆ తర్వాత మానేయడం. మానేసి వెతుక్కోలేదు. వెతుక్కుని, దొరికిన పని చేస్తూ చేస్తూ, రెండూ కుదరని పాయింట్ వచ్చాక ఒకటి వదిలాడు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ మొత్తం కథ దీని మీదే నిలబడి ఉంది.

అయినా సరే, అందులో రిస్క్ లేదని నేను అనను. నాలుగో సంవత్సరం ఒక్కటి ఆగితే డిగ్రీ చేతికి వచ్చేది. తల్లి లేని ఇల్లు, గవర్నమెంట్ ఉద్యోగం చేసే తండ్రి, 7వ ర్యాంక్ తెచ్చిన కొడుకు. ఆ ఇంట్లో ఆ మాట చెప్పడం ఎంత కష్టమో మన ఇళ్ళల్లో పెరిగిన ఎవరికైనా తెలుసు.

తర్వాత ముంబయి. ఇక్కడ నాదిరా బబ్బర్ గారి "ఏక్‌జుట్" అనే థియేటర్ గ్రూప్‌లో చేరాడు. నాటకాలు వేశాడు. యాక్షన్ డైరెక్టర్ అలన్ అమీన్ దగ్గర మార్షల్ ఆర్ట్స్ నేర్చుకున్నాడు. మధ్యలో ఒక చాక్లెట్ యాడ్‌లో కనిపించాడు. బయటి నుంచి చూసేవాళ్ళకి ఇది "ఖాళీగా తిరగడం" లాగే ఉంటుంది. ఫ్రెండ్స్ అందరూ క్యాంపస్ ప్లేస్‌మెంట్లు కొట్టి జీతాలు తీసుకుంటున్న టైమ్ అది.

ఒక నాటకంలో చూసి బాలాజీ టెలిఫిలింస్ వాళ్ళు ఆడిషన్‌కి పిలిచారు. బాలాజీ అంటే ఏక్తా కపూర్ కంపెనీ. 2008లో స్టార్ ప్లస్‌లో "కిస్ దేశ్ మే హై మేరా దిల్" అనే సీరియల్‌లో ప్రీత్ జునేజా అనే క్యారెక్టర్. హీరో కాదు, సెకండ్ లీడ్. ఆ క్యారెక్టర్ కథలో త్వరగానే చనిపోతుంది. కానీ చూసేవాళ్ళకి ఎంత నచ్చేశాడంటే, సీరియల్ ముగింపులో ఆత్మ రూపంలో మళ్ళీ తీసుకొచ్చారు. సీరియల్స్‌లో ఇది మనకి మామూలే, నవ్వొస్తుంది. కానీ ఒక కొత్త కుర్రాడికి అది పెద్ద సిగ్నల్.

2009 జూన్‌లో జీ టీవీలో "పవిత్ర రిష్తా" మొదలైంది. ఇది సన్ టీవీలో వచ్చిన "తిరుమతి సెల్వం" అనే తమిళ సీరియల్‌కి హిందీ రూపం. అంటే మూలం మన సౌత్ కథే. హీరో మానవ్ దేశ్‌ముఖ్ ముంబయి చాల్‌లో ఉండే మెకానిక్. హీరోయిన్ అర్చనగా అంకితా లోఖండే. ఈ రోల్‌కి సుశాంత్ సెట్ అవుతాడని ఛానెల్‌ని ఒప్పించాల్సి వచ్చిందని ఏక్తా కపూరే తర్వాత చెప్పారు. మెకానికల్ ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసినవాడు తెర మీద మెకానిక్ అయ్యాడన్నమాట.

ఇక్కడ కాసేపు ఆగి, డైలీ సీరియల్ అంటే అసలేంటో మాట్లాడుకుందాం. మనలో చాలామందికి సీరియల్ యాక్టర్ అంటే ఒక చిన్నచూపు ఉంది. అమ్మమ్మ చూస్తుంటే పక్కన కూర్చుని జోకులు వేస్తాం. కానీ పని పరంగా చూస్తే అదో ఫ్యాక్టరీ. వారానికి ఐదు ఎపిసోడ్లు వెళ్ళాలి. ఒక్కో ఎపిసోడ్‌లో యాడ్స్ తీసేస్తే ఇరవై నిమిషాల పైచిలుకు. షిఫ్ట్ పన్నెండు గంటలు నడుస్తుంది. చాలాసార్లు డైలాగ్ పేపర్ సెట్‌లోనే చేతికి వస్తుంది. చదువుకుని, పది నిమిషాల్లో ఏడవాలి. మళ్ళీ చీర మార్చినంత సేపట్లో ఇంకో ఎపిసోడ్ సీన్‌లో నవ్వాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం, ఇంజనీర్ బుద్ధి కదా. సుశాంత్ ఆ సీరియల్‌లో 2009 జూన్ నుంచి 2011 అక్టోబర్ దాకా ఉన్నాడు. అంటే 28 నెలలు. వారానికి ఐదు చొప్పున తక్కువలో తక్కువ 500 ఎపిసోడ్లు అనుకోండి. ఒక్కోటి 20 నిమిషాలు. మొత్తం 10,000 నిమిషాలు. రెండు గంటల సినిమాలు 80కి పైగా అవుతాయి. అందులో సుశాంత్ పావు వంతులోనే కనిపించాడనుకున్నా 20 సినిమాల నిడివి. 26 ఏళ్ళు నిండకముందే కెమెరా ముందు ఇంత ప్రాక్టీస్ సినిమాలో మొదలుపెట్టిన ఏ వారసుడికి దొరుకుతుంది చెప్పండి? లైట్ ఎక్కడుంది, లెన్స్ ఎంత దగ్గర ఉంది, మార్క్ ఎక్కడ, వెయ్యోసారి కూడా అదే ఎమోషన్ ఎలా తేవాలి... ఇవన్నీ ఒంటికి పట్టేస్తాయి.

మరి అంత ప్రాక్టీస్ ఉంటే సీరియల్ హీరోలందరూ సినిమా హీరోలు ఎందుకు కారు? మన తెలుగులోనే ఆలోచించండి. సీరియల్ హీరో నుంచి పెద్ద సినిమా హీరో అయినవాళ్ళు ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టడానికి కూడా కష్టమే. కన్నడలో యశ్ సీరియల్స్ నుంచి వచ్చాడు, తమిళంలో శివకార్తికేయన్ టీవీ యాంకరింగ్ నుంచి వచ్చాడు. వాళ్ళ పేర్లు మనం ఇంతగా చెప్పుకుంటున్నామంటేనే అది ఎంత అరుదో అర్థమవుతుంది.

కారణాలు నాకు తెలిసి మూడు. ఒకటి, రోజూ ఇంట్లో ఫ్రీగా కనిపించే మొహం కోసం జనం టికెట్ కొంటారా అని నిర్మాత భయం. రెండు, డేట్స్. నెలకి ఇరవై రోజులకి పైగా సీరియల్‌కే పోతే సినిమాకి టైమ్ ఎక్కడిది? మూడు, యాక్టింగ్ స్టైల్. సీరియల్‌లో ప్రతి షాక్‌కీ మొహం మీదకి మూడుసార్లు జూమ్, ధడ్ ధడ్ మని మ్యూజిక్. వంటింట్లో పోపు వేస్తూ చూసేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి అన్నీ పెద్దగా చెయ్యాలి. అదే నటన నలభై అడుగుల తెర మీద చేస్తే ఓవర్ అయిపోతుంది.

షారుఖ్ కూడా టీవీ నుంచే వచ్చాడు కదా అంటారు. నిజమే. కానీ 1989లో "ఫౌజీ" వచ్చినప్పుడు దేశమంతా ఒకటే దూరదర్శన్. వారానికి ఒక ఎపిసోడ్, మొత్తం పదమూడు. 1992లో "దీవానా" రిలీజ్ అయ్యేసరికి షారుఖ్‌ని జనం చూసింది తక్కువ, గుర్తుపెట్టుకున్నది ఎక్కువ. సుశాంత్ పరిస్థితి దానికి పూర్తిగా రివర్స్. వారానికి ఐదు రోజులు, రెండేళ్ళకి పైగా.

పైగా నాలుగో కారణం ఒకటుంది, బయటకి ఎవరూ చెప్పరు. అదే నెల జీతం. హిట్ సీరియల్ లీడ్ అంటే ప్రతి నెలా గ్యారెంటీగా డబ్బు. ఇల్లు, కారు, ఈఎమ్ఐ మొదలవుతాయి. అప్పుడు వదలడం ఇంజనీరింగ్ వదలడం కన్నా కష్టం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి నేను ఇది ప్రత్యేకంగా వివరించక్కర్లేదు అనుకుంటా.

2011లో "పవిత్ర రిష్తా" టాప్ సీరియల్స్‌లో ఒకటి. సుశాంత్‌కి టీవీ అవార్డులు వచ్చాయి. 2010లో "జరా నచ్‌కే దిఖా", ఆ తర్వాత "ఝలక్ దిఖ్‌లా జా" డాన్స్ షోలు కూడా చేశాడు. ఈ డాన్స్ షోల వల్ల మానవ్ అనే సాఫ్ట్ కుర్రాడిని దాటి ఇంకో మనిషి ఉన్నాడని జనానికి తెలిసింది. అలాంటి టైమ్‌లో 2011 అక్టోబర్‌లో సీరియల్ వదిలేశాడు. చేతిలో రిలీజ్ అయిన సినిమా ఒక్కటి కూడా లేదు.

సీరియల్ ఆగిందా? లేదు. మానవ్ పాత్రలోకి హితేన్ తేజ్‌వానీ వచ్చారు, అది 2014 దాకా నడిచింది. నువ్వు లేకపోయినా సీరియల్ నడుస్తుంది, కంపెనీ నడుస్తుంది. ఈ నిజం ఒప్పుకోవడం కష్టమే. కానీ ఒప్పుకున్నవాడికి ఒక ఫ్రీడమ్ కూడా వస్తుంది.

2013 ఫిబ్రవరి 22న "కాయ్ పో ఛే" రిలీజ్ అయ్యింది. డైరెక్టర్ అభిషేక్ కపూర్. చేతన్ భగత్ రాసిన "ద 3 మిస్టేక్స్ ఆఫ్ మై లైఫ్" నవల ఆధారం. క్యాస్టింగ్ ముఖేష్ ఛాబ్రా. ఆడిషన్ ఇచ్చి తెచ్చుకున్న రోల్ ఇది. రిలీజ్‌కి ముందు బెర్లిన్ ఫిలిం ఫెస్టివల్‌లో కూడా వేశారు. టైటిల్ ఏంటంటే, మన దగ్గర సంక్రాంతికి డాబాల మీద ఎదుటివాడి గాలిపటం కోయగానే అరుస్తాం కదా, గుజరాతీలో అలా అరిచే మాట అది.

కథ అహ్మదాబాద్‌లో, 2000 ప్రాంతంలో. ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి స్పోర్ట్స్ షాప్ పెడతారు. 2001 జనవరి 26 భుజ్ భూకంపం, ఆ తర్వాత 2002 అల్లర్లు వాళ్ళ స్నేహం మీదుగా వెళ్తాయి. సుశాంత్ రోల్ ఇషాన్. మంచి క్రికెటర్, కానీ పైకి రాలేకపోయాడు. అలీ అనే పిల్లాడిలో టాలెంట్ చూసి వాడికి కోచింగ్ ఇస్తాడు. ఆ అలీగా చేసిన దిగ్విజయ్ దేశ్‌ముఖ్‌ని తర్వాత ఐపీఎల్ వేలంలో ముంబయి ఇండియన్స్ నిజంగానే తీసుకుంది.

ఇందులో మనవాళ్ళకి బాగా తగిలే సీన్ ఒకటుంది. ఫ్రెండ్స్ మధ్య దూరం పెరిగిన టైమ్‌లో టీవీలో 2001 ఈడెన్ గార్డెన్స్ టెస్ట్ వస్తుంటుంది. మన హైదరాబాద్ వీవీఎస్ లక్ష్మణ్ 281 కొట్టిన మ్యాచ్. ఆ మ్యాచ్ చూస్తూ చూస్తూ అలక కరిగిపోతుంది. ఇప్పుడు సుశాంత్ మొహం గమనించండి. జూమ్ లేదు, ధడ్ ధడ్ మ్యూజిక్ లేదు. రెండేళ్ళు రోజూ పెద్దగా చేసిన నటన అంతా తగ్గించేశాడు. కళ్ళు, భుజాలు మాత్రమే పని చేస్తుంటాయి. సీరియల్ నుంచి వచ్చినవాడని ఎవరైనా చెప్తే తప్ప తెలీదు. నా లెక్కలో అసలు అచీవ్‌మెంట్ ఛాన్స్ రావడం కాదు, ఈ తగ్గించడం. నేర్చుకోవడం కన్నా నేర్చుకున్నది మార్చుకోవడం కష్టం.

ఆ తర్వాత స్పీడ్‌గా చూద్దాం. అదే 2013 సెప్టెంబర్‌లో యశ్‌రాజ్ వాళ్ళ "శుద్ధ్ దేశీ రొమాన్స్". జైపూర్ కుర్రాడు, పెళ్ళంటే పారిపోతాడు. రెండు సినిమాల హీరో అయ్యాక 2014లో ఆమిర్ ఖాన్ "పీకే"లో చిన్న రోల్ చేశాడు. సర్ఫరాజ్. తెర మీద ఉండేది కాసేపే, కానీ కథ ముడి విప్పేది ఆ పాత్రే. 2015లో దిబాకర్ బెనర్జీ "డిటెక్టివ్ బ్యోమ్‌కేశ్ బక్షీ", 1943 కలకత్తా. బాక్సాఫీస్ దగ్గర పెద్దగా ఆడలేదు. 2016 సెప్టెంబర్ 30న "ఎం.ఎస్. ధోనీ".

ధోనీ సినిమా మీరంతా చూసే ఉంటారు. 2005లో పాకిస్తాన్ మీద వైజాగ్‌లో 148 కొట్టిన రోజు నుంచి ధోనీ మన ఇంటి మనిషి. కోట్లమందికి ప్రతి కదలికా తెలిసిన మనిషిని తెర మీద చెయ్యాలి. మాజీ వికెట్‌కీపర్ కిరణ్ మోరే దగ్గర నెలల తరబడి ట్రైనింగ్ తీసుకున్నాడు. ఆ నడక, గ్లవ్స్ సర్దుకునే తీరు, హెలికాప్టర్ షాట్‌లో మణికట్టు తిరిగే విధానం. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? డాన్స్ ట్రూప్‌లో వెనక వరస నుంచి. ఎదుటివాడి కదలికని ముక్కలు ముక్కలు చేసి, కౌంట్ ప్రకారం తన ఒంట్లోకి ఎక్కించుకోవడమే గ్రూప్ డాన్సర్ పని. 2006లో మెల్‌బోర్న్‌లో ఎవరూ చూడని ఆ పని 2016లో కోట్లమంది చూశారు.

సరే, ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. "మానేసి ట్రై చేస్తే?"

డేట్స్ మళ్ళీ చూడండి. 2003లో కాలేజీ. మూడేళ్ళకి మానేశాడు. 2008లో మొదటి సీరియల్, అది కూడా సెకండ్ లీడ్. 2009లో లీడ్. 2011లో మళ్ళీ వదిలాడు. 2013లో మొదటి సినిమా. మానేసినప్పటి నుంచి సినిమా దాకా ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో డాన్స్, నాటకం, ఫైట్లు, సీరియల్, మళ్ళీ డాన్స్. ఒక్క సంవత్సరం కూడా ఏదీ నేర్చుకోకుండా లేడు. ఒక రకంగా డిగ్రీ వదిలేశాడు కానీ స్టూడెంట్‌గా ఉండటం వదల్లేదు.

ఇంకో విషయం, ఇది చెప్పకపోతే నేను మీకు అన్యాయం చేసినట్టే. ఆ డాన్స్ ట్రూప్‌లో సుశాంత్ పక్కన ఇంకా చాలామంది ఉన్నారు. అదే స్టేజ్, అదే ప్రాక్టీస్, అదే కష్టం. వాళ్ళ పేర్లు మీకు తెలీదు, నాకూ తెలీదు. గెలిచినవాడి కథ మాత్రమే మన దాకా వస్తుంది. అందుకే ఒక్క కథ చూసి నిర్ణయం తీసుకోకండి. లక్ కూడా ఉంటుంది. ఆ రోజు ఆ నాటకానికి బాలాజీ వాళ్ళు రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు?

కాబట్టి తమ్ముడూ, చెల్లీ, నన్ను అడిగే ముందు మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు అడగండి. నేను వెళ్ళాలనుకుంటున్న పనిని ఇప్పుడు, కాలేజీలో ఉండగానే, వారానికి ఎన్ని గంటలు చేస్తున్నాను? ఆ పనికి నన్ను ఎవరైనా, చిన్నదైనా సరే, ఎంపిక చేసుకున్నారా? ఐదారేళ్ళు వెనక వరసలో మొహం కనపడకుండా నిలబడటం నాకు ఓకేనా? మూడింటికీ జవాబు ఉంటే, అప్పుడు ఇంట్లో కూర్చుని అమ్మానాన్నలతో మాట్లాడండి. ఒక్కదానికీ లేకపోతే మానేయాల్సింది కాలేజీ కాదు, రీల్స్.

2019లో సుశాంత్ "ఛిఛోరే" చేశాడు. ఇంజనీరింగ్ హాస్టల్ కథ. ఎంట్రన్స్‌లో సీటు రాలేదని ప్రాణం తీసుకోబోయిన కొడుకుకి తండ్రి తన కాలేజీ రోజులు, తాము ఓడిపోయిన కథ చెప్తాడు. దానికి ఉత్తమ హిందీ చిత్రంగా నేషనల్ అవార్డు వచ్చింది. చూడనివాళ్ళు చూడండి, ముఖ్యంగా ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే కలిసి చూడండి. దానికన్నా ముందు "కాయ్ పో ఛే" చూడండి. వార్తల్లో చూసిన సుశాంత్‌ని కాసేపు పక్కన పెట్టి, పని చేస్తున్న సుశాంత్‌ని చూడండి.

ఈ ఎపిసోడ్ ఇంతే. మీకు బాగా గుర్తుండిపోయిన సుశాంత్ సీన్ ఏదో కింద రాయండి. నచ్చితే ఇంజనీరింగ్ చదివే మీ ఫ్రెండ్‌కి పంపండి. మళ్ళీ వారం కలుద్దాం. ఉంటాను.